ప్రాసెసర్‌ని మాత్రమే లాగితే సరిపోదు.. ర్యామ్ సంగతేంటి?

ఓవర్‌క్లాకింగ్ గురించి ఎవరు అడిగినా మొదటి ప్రశ్న ఒకటే: "ప్రాసెసర్‌ని ఎన్ని గిగాహెర్ట్జ్ దాకా తీసుకెళ్లొచ్చు?" నేను వెంటనే ఎదురు ప్రశ్న వేస్తాను. "ముందు నీ ర్యామ్ ఎంత స్పీడ్‌లో నడుస్తోందో చూశావా?" టాస్క్ మేనేజర్‌లో మెమరీ ట్యాబ్ తెరిస్తే చాలాసార్లు 4800 అని కనిపిస్తుంది. డబ్బులు పెట్టి కొన్నదేమో 6000 కిట్. బయోస్‌లో ఎక్స్‌పో గానీ ఎక్స్‌ఎంపీ గానీ ఆన్ చేయలేదు, అంతే!

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్కతో చూద్దాం. 5 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి ఒక క్లాక్ సైకిల్ అంటే 0.2 నానోసెకన్లు. కావాల్సిన డేటా క్యాష్‌లో దొరకలేదు, ర్యామ్ దాకా వెళ్లి రావడానికి 80 నానోసెకన్లు పట్టింది అనుకోండి. అంటే 400 సైకిళ్ల పాటు ఎదురుచూపే. ఇప్పుడు ప్రాసెసర్‌ని 5.2కి లాగారు. ఏం మారింది? అదే 80 నానోసెకన్లలో 416 సైకిళ్లు ఎదురుచూస్తుంది. టిఫిన్ సెంటర్‌లో దోసెల మాస్టర్ చెయ్యి ఎంత స్పీడైనా, పిండి అందించేవాడు నెమ్మదిగా ఉంటే పెనం ఖాళీగానే ఉంటుంది కదా.

ఒకప్పుడు ఈ రెండింటినీ విడివిడిగా చూసే అవకాశమే ఉండేది కాదు. 1998 నాటి ఇంటెల్ సెలెరాన్ 300ఏ సంగతి మీలో కొందరు వినే ఉంటారు. మల్టిప్లయర్ 4.5 దగ్గర లాక్ చేసి ఉండేది. బస్ స్పీడ్‌ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి పెంచితే 300 కాస్తా 450 అయ్యేది. బస్‌తో పాటు మెమరీ కూడా పరుగెత్తాల్సిందే కాబట్టి, ర్యామ్ తట్టుకోకపోతే ఆట అక్కడితో ఆగిపోయేది. 2011లో శాండీ బ్రిడ్జ్ వచ్చాక బేస్ క్లాక్‌ని కదిపితే మిగతా సిస్టమ్ మొత్తం కదిలే పరిస్థితి. దాంతో అందరూ మల్టిప్లయర్ వైపు వెళ్లారు. ర్యామ్‌ని మర్చిపోవడం అప్పుడే మొదలైందని నా అనుమానం.

రైజెన్ వాడేవాళ్లకు మాత్రం మర్చిపోవడం కుదరదు. ఏఎం5లో మూడు క్లాకులు గుర్తుపెట్టుకోవాలి: మెమరీ, మెమరీ కంట్రోలర్, ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్. డీడీఆర్5-6000 అంటే సెకనుకు 6000 మెగాట్రాన్స్‌ఫర్లు, అసలు క్లాక్ 3000 మెగాహెర్ట్జే. కంట్రోలర్ కూడా అదే 3000లో నడిస్తే 1:1. ఫ్యాబ్రిక్ 2000 దగ్గర ఉంటుంది. రైజెన్ 7000 సిరీస్‌కి 6000 సరైన చోటని ఏఎండీయే చెప్పింది. అక్కడి నుంచి మరీ పైకి వెళ్తే కంట్రోలర్ సగం స్పీడ్‌కి పడిపోతుంది. అందుకే బాక్స్ మీద 7200 అని ఉన్న కిట్, గేమ్స్‌లో 6000 కిట్ కంటే వెనకబడినా ఆశ్చర్యం లేదు. ఇంటెల్‌లో ఇదే వ్యవహారాన్ని గేర్ 1, గేర్ 2 అంటారు.

కొనేటప్పుడు సీఎల్ నంబర్ కూడా చూడండి. సీఎల్‌ని 2000తో గుణించి స్పీడ్‌తో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. 4800 సీఎల్40కి 16.7. 6000 సీఎల్36కి 12. 6000 సీఎల్30కి 10. పాత డీడీఆర్4-3200 సీఎల్16 కూడా సరిగ్గా 10 దగ్గరే ఉండటం కొంచెం నవ్వొచ్చే విషయం. మొత్తం ప్రయాణంలో ఇది ఒక భాగమే అనుకోండి.

లాభం అందరికీ ఒకేలా ఉండదు. 4కేలో గ్రాఫిక్స్ కార్డే ఊపిరాడక కొట్టుకుంటుంటే ర్యామ్ స్పీడ్ ఎవడికి కావాలి? 7800ఎక్స్3డీ లాంటి చిప్‌లో 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంటుంది కాబట్టి అక్కడా తేడా తక్కువే. 1080పీలో ఎక్కువ ఫ్రేమ్స్ కోసం చూసేవాళ్లకు బాగా తెలుస్తుంది. 8600జీ లాంటి చిప్‌తో, విడి గ్రాఫిక్స్ కార్డ్ లేకుండా బిల్డ్ చేసినవాళ్లకు ఇంకా ఎక్కువ, ఎందుకంటే లోపలి గ్రాఫిక్స్‌కి వాడుకోవడానికి ఉన్నది ఆ ర్యామే. చవకైన ఏ620 బోర్డులో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు గానీ మెమరీని పెంచుకోవచ్చు. బడ్జెట్ బిల్డర్లు ఈ ముక్క మిస్ కావద్దు.

ఇక అసలు భయపడాల్సిన విషయం. ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ తేడా కొడితే చాలాసార్లు అది గోల చేసి చెబుతుంది: బ్లూ స్క్రీన్, రీస్టార్ట్. ర్యామ్ అలా కాదు. ఒక బిట్ అటూఇటూ అయినా పీసీ మామూలుగానే నడుస్తుంటుంది. ఆ తప్పు బిట్ మాత్రం మీరు కాపీ చేసిన ఫొటోలోకో, సేవ్ చేసిన ప్రాజెక్ట్ ఫైల్‌లోకో చేరిపోతుంది. తర్వాత ఎప్పుడో ఆ జిప్ తెరవబోతే సీఆర్‌సీ ఎర్రర్. బ్యాకప్ ఉంది కదా అంటారా? అందులోనూ పాడైన ఫైలే ఉండొచ్చు. డీడీఆర్5లో ఈసీసీ ఉందిగా అని కూడా ధీమా పడకండి. అది చిప్ లోపలి తప్పుల వరకే. చిప్ నుంచి ప్రాసెసర్‌కి వచ్చే దారిలో జరిగేవి దానికి తెలియవు.

అందుకే నేను రెండింటినీ ఒకేసారి ముట్టుకోను. ముందు ప్రాసెసర్‌ని స్టాక్‌లో వదిలేసి ర్యామ్. మెమ్‌టెస్ట్86 రాత్రంతా, తర్వాత విండోస్‌లో టెస్ట్‌మెమ్5. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ సెట్టింగ్ ఫెయిల్ కిందే లెక్క, ఇందులో బేరాల్లేవు. ఆ తర్వాతే ర్యామ్‌ని పక్కన పెట్టి పీబీవో, కర్వ్ ఆప్టిమైజర్. కర్వ్ ఆప్టిమైజర్ ఫుల్ లోడ్‌లో బాగానే ఉండి ఖాళీగా ఉన్నప్పుడు క్రాష్ అవుతుంది, కాబట్టి కోర్‌సైక్లర్‌తో ఒక్కో కోర్‌నీ చూడాలి. చివర్లో రెండూ కలిపి మళ్లీ మొదటి నుంచి టెస్ట్. మెమరీ కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్ ప్యాకేజీలోనే. విడివిడిగా పాసైనవి కలిస్తే ఫెయిలవడం మామూలే.

వోల్టేజ్ దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోండి. 2023లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ చిప్‌లు కాలిపోయాక ఏఎండీ ఎస్ఓసీ వోల్టేజ్‌కి 1.3 వోల్టుల పరిమితి పెట్టించింది. పాత బయోస్‌తో ఎక్స్‌పో ఆన్ చేయకుండా ముందు అప్‌డేట్ చేయండి. ఎక్స్‌పోని కూడా కంపెనీ ఓవర్‌క్లాకింగ్ గానే లెక్కేస్తుందని, వారంటీ షరతులు వర్తిస్తాయని గుర్తుంచుకోండి. ఇంకోటి, సెట్టింగ్ మార్చాక మొదటి బూట్‌కి స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగా ఉండొచ్చు. అది మెమరీ ట్రైనింగ్. కంగారుపడి పవర్ తీసేయకండి. నాలుగు స్టిక్కులు పెట్టే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. రైజెన్ 7000లో నాలుగింటికి అధికారిక స్పీడ్ 3600 మాత్రమే, రెండింటికైతే 5200.

మన ఎండల సంగతి విదేశీ గైడ్లలో దొరకదు. ర్యామ్ వేడెక్కే కొద్దీ అందులోని చార్జ్ త్వరగా కారిపోతుంది, రిఫ్రెష్ తరచుగా కావాలి. టీఆర్‌ఈఎఫ్‌ఐ పెంచి స్పీడ్ రాబట్టడమంటే రిఫ్రెష్‌ల మధ్య ఎడం పెంచడమే. ఏసీ గదిలో డిసెంబర్‌లో పాసైన ఆ సెట్టింగ్ విజయవాడ మే నెలలో, పక్కనే గ్రాఫిక్స్ కార్డ్ వేడి గాలి ఊదుతుంటే నిలబడుతుందని నమ్మకం లేదు. టెస్ట్ చేసేటప్పుడు ఏసీ ఆపి, ఏదైనా గేమ్ రన్ చేసి కేస్ లోపల వేడెక్కనివ్వండి.

నా రైజెన్ 5 7600లో రోజూ వాడేది 6000 సీఎల్30, రెండు 16 జీబీ స్టిక్కులు, ప్రాసెసర్‌కి చిన్న నెగెటివ్ కర్వ్. 6400 కూడా బూట్ అవుతుంది, గేమ్స్ ఆడనిస్తుంది. ఆఫీస్ కోడ్ ఉండే మెషీన్ కాబట్టి దాన్ని వేరే ప్రొఫైల్‌లో సేవ్ చేసి, బెంచ్‌మార్క్ సరదాకి మాత్రమే తీస్తుంటాను.