పట్టికలో మాట పరీక్షలో ఎందుకు పలకదు?

తమిళనాడులోని రాజపాళయం, దాని పక్కన చోళపురం లాంటి ఊళ్ళు. ఇక్కడి తెలుగు ఇళ్ళలో పెరిగే పిల్లలకు మూడు భాషలతో పని. ఇంట్లో తెలుగు, శతాబ్దాల కిందట వలస వచ్చిన పూర్వీకులు వెంట తెచ్చుకున్న భాష. వీధిలో, బళ్ళో తమిళం. 1968 నుంచి రాష్ట్ర ప్రభుత్వ బళ్ళలో తమిళం, ఇంగ్లీషు అనే రెండు భాషల విధానమే నడుస్తోంది కనుక చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. డిగ్రీ పూర్తయి పైచదువుకు వెళ్దామనుకున్నప్పుడు ఎదురయ్యే పరీక్షలో మాత్రం ఇంగ్లీషు తప్పించుకోలేరు. అన్నా విశ్వవిద్యాలయం నడిపే టాన్సెట్ ఎంబీఏ పేపర్లో ప్యాసేజీలున్నాయి. మేనేజ్‌మెంట్ ప్రవేశపరీక్ష క్యాట్‌లో భాషా విభాగం చాలావరకు ప్యాసేజీలే. అమెరికా చదువుకు రాసే జీఆర్ఈలో ఒక్క వెర్బల్ విభాగానికే 27 ప్రశ్నలు, 41 నిమిషాలు.

ఈ పిల్లలకు చుట్టూ ఉన్నవాళ్ళు ఇచ్చే మొదటి సలహా ఒకటే: పదాల పట్టిక బట్టీ పట్టమని. చెన్నైలోనైనా హైదరాబాద్ అమీర్‌పేటలోనైనా తరతరాల జీఆర్ఈ అభ్యర్థులు బారన్స్ పుస్తకంలోని 3,500 మాటల పట్టికతో కుస్తీ పట్టారు. ఆ పుస్తకం అన్నదమ్ముల మధ్య, సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వచ్చింది. ఒకప్పుడు దానికి అర్థం ఉంది. పాత జీఆర్ఈలో ఒక మాట ఇచ్చి దాని వ్యతిరేకార్థం ఏదని సూటిగా అడిగేవారు. 2011 ఆగస్టులో ఆ ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు ప్రతి మాటా ఏదో ఒక వాక్యంలోనే కనిపిస్తుంది. పరీక్ష మారి ఇన్నేళ్ళయినా చదివే తీరు మారకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. తెలివీ శ్రమా రెండూ ఉన్న పిల్లలు నెలల తరబడి తప్పు పనికి ఒళ్ళు వంచుతున్నారు.

ఒక ప్రశ్న చూద్దాం. ఇది నేను తయారుచేసిందే, నమూనా మాత్రం జీఆర్ఈది. వాక్యం సారాంశం ఇది: "మామూలుగా గంటల తరబడి మాట్లాడే ఆ డైరెక్టరు, నష్టాల సంగతి అడిగేసరికి విచిత్రంగా ఫలానాలా ఉండిపోయాడు." ఆ 'ఫలానా' ఖాళీకి ఆరు మాటలిచ్చారు: గారులస్, వెర్బోస్, లకానిక్, టెర్స్, జీనియల్, ఎలోక్వెంట్. వీటిలో రెండు ఎంచుకోవాలి. ఏది పెట్టినా వాక్యం అర్థం ఒకటే కావాలి. పట్టిక చదివిన కుర్రాడి కన్ను వెంటనే గారులస్, వెర్బోస్ జంట మీద పడుతుంది. రెండూ 'వాగుడుకాయ' అనే అర్థమిచ్చేవే, పట్టికలో అలాగే చదివాడు. అవి తప్పు. 'మామూలుగా', 'విచిత్రంగా' అన్న రెండు చిన్న మాటలు వాక్యాన్ని అటు నుంచి ఇటు తిప్పేశాయి. కావలసింది లకానిక్, టెర్స్. ఆచితూచి, ముక్తసరిగా మాట్లాడే తత్వం. రెంటిలో ఒకటి సరిగ్గా పెట్టి ఇంకొకటి తప్పితే సగం మార్కేమీ రాదు. ఇక్కడ ఓడించింది కష్టమైన మాట కాదు. అందరికీ తెలిసిన తేలిక మాటను పట్టించుకోకపోవడం.

అసలు బట్టీ పట్టిన మాట ఎందుకు జారిపోతుంది? దీన్ని మొదట కొలిచినవాడు జర్మనీకి చెందిన హెర్మాన్ ఎబింగ్‌హౌస్. అర్థం లేని అక్షరాల గుంపులను తానే వల్లెవేసి, కొంత వ్యవధి తర్వాత మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో లెక్కకట్టి 1885లో పుస్తకంగా వేశాడు. ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ నేర్చుకుంటే మొదటి శ్రమలో 58 శాతం ఆదా అయింది. గంటకు 44 శాతం. ఒక రోజు గడిచేసరికి 34. అయితే 31 రోజుల తర్వాత కూడా 21 శాతం మిగిలే ఉంది. అంటే మరుపు మొదటి రోజే మీద పడుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. ఒకే రాత్రి వంద మాటలు చదివేసి పుస్తకం మూసేవారికి మర్నాటికి చేతిలో పెద్దగా ఏమీ మిగలనిది ఇందుకే. అది బుద్ధిమాంద్యం కాదు, అందరి మెదడూ అంతే.

మరి మందేమిటి? మళ్ళీ చదవడం అంటారు చాలామంది. అది మందు కాదని చూపిన ప్రయోగం ఒకటుంది. 2008లో కార్పికీ, రోడిగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు కాలేజీ విద్యార్థులకు నలభై స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లీషు అర్థాలతో నేర్పారు. ఒక మాట ఒకసారి సరిగ్గా చెప్పగలిగాక కొందరిని దాన్ని మళ్ళీ మళ్ళీ చదవనిచ్చారు కానీ అడగడం మానేశారు. ఇంకొందరిని మాత్రం అడుగుతూనే పోయారు. వారం తర్వాత చూస్తే, చదువుతూ పోయినవారికి గుర్తున్నది 36 శాతం. ప్రశ్నలు ఎదుర్కొంటూ పోయినవారికి 80 శాతం. ఇంకో విచిత్రం: మీకెన్ని గుర్తుంటాయనుకుంటున్నారని ముందే అడిగితే అన్ని గుంపులూ సుమారు సగం అనే చెప్పాయి. ఎలా చదివితే మనకు నిలుస్తుందో మన మనసే మనకు సరిగ్గా చెప్పదన్నమాట. పదేపదే చూసిన పేజీ కంటికి అలవాటవుతుంది; ఆ అలవాటునే మనం వచ్చేసిందనుకుంటాం.

ఈ ఇద్దరే అంతకు రెండేళ్ళ ముందు చేసిన ప్రయోగం మన విషయానికి ఇంకా దగ్గర. అందులో వాడినవి టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకు తయారయ్యే పుస్తకం నుంచి తీసిన ప్యాసేజీలు. ఒకటి సూర్యుడి గురించి, ఇంకొకటి సముద్రపు నీటిపిల్లుల గురించి. రెండుసార్లు చదివినవారు అయిదు నిమిషాల తర్వాత 81 శాతం చెప్పగలిగారు. ఒకసారి చదివి, కాగితం మూసి, గుర్తున్నది రాసినవారు 75 శాతమే. వారం తర్వాత లెక్క తిరగబడింది: మొదటివారికి 42, రెండోవారికి 56. పరీక్ష ముందు రాత్రి చదువు ఎందుకు తృప్తినిస్తుందో, వారం తర్వాత ఎందుకు మోసం చేస్తుందో ఈ నాలుగు అంకెల్లో ఉంది.

కాబట్టి పట్టికను అట్టముక్కలుగా కోయండి. ఒక వైపు మాట, వెనక వైపు దాని అర్థంతో పాటు అది ఇమిడిన ఒక వాక్యం. అర్థం తెలుగులో రాసినా తమిళంలో రాసినా మీ ఇష్టం, మీకు చప్పున తట్టేదే రాయండి. వెనక్కి తిప్పేముందు నోటితో చెప్పాలి, అదే అసలు కిటుకు. ముక్కలను వరసగా గడులున్న ఒక పెట్టెలో ఉంచండి. చెప్పగలిగిన ముక్క వెనక గడిలోకి, చెప్పలేనిది మళ్ళీ మొదటి గడిలోకి. ముందు గడి రోజూ, వెనక గడులు మరింత ఎడంగా తీయాలి. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1972లో ప్రచారంలోకి తెచ్చిన పెట్టె ఇది. ఇదే పనిని ఫోనులో ఆంకీ అనే యాప్ చేస్తుంది, ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఎడం ఎంత ఉండాలో కూడా కొలిచారు. 2008లో సెపేడా బృందం వెయ్యిమందికి పైగా మనుషులతో చేసిన అధ్యయనంలో, వారం తర్వాత పరీక్ష ఉంటే రెండు చదువుల మధ్య ఒక రోజు ఎడం బాగా పనిచేసింది. 35 రోజుల తర్వాతైతే 11 రోజులు. 70 రోజులకైతే 21. పరీక్ష ఎంత దూరముంటే ఎడం అంత పెరుగుతుంది.

ఏ మాటలు ముందు నేర్వాలన్న దగ్గర కూడా మనవాళ్ళు తలకిందులుగా వెళ్తారు. న్యూజీలాండ్‌లో పనిచేసిన పాల్ నేషన్ లెక్క ప్రకారం, ఎవరి సాయమూ లేకుండా ఇంగ్లీషు రాతను హాయిగా చదవాలంటే అందులోని మాటల్లో నూటికి 98 తెలిసి ఉండాలి. దానికి ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలి. పదకుటుంబం అంటే ఒక మాటనూ దాని రూపాలన్నిటినీ కలిపి ఒకటిగా లెక్కపెట్టడం. 2000లో అవెరిల్ కాక్స్‌హెడ్ విద్యాగ్రంథాలను జల్లెడ పట్టి 570 కుటుంబాల చిన్న పట్టిక తయారుచేసింది. పాఠ్యపుస్తకాల ఇంగ్లీషులో సుమారు పదో వంతు ఈ 570 నుంచే వస్తుంది. 'హైపాథసిస్', 'ఇంప్లై', 'కాంట్రడిక్ట్' లాంటివి. ఇవి ప్యాసేజీలోనే కాదు, ప్రశ్నల్లో, జవాబుల్లో కూడా ఉంటాయి. వీటిని లోతుగా పట్టుకోకుండా 'గారులస్' వైపు పరుగెత్తడం పునాది లేకుండా మేడ కట్టడమే.

అరుదైన మాటల దగ్గర తెలుగువారికి పెద్దగా ఎవరూ చెప్పని ఒక ఆస్తి ఉంది. సంస్కృతం, లాటిన్ ఒకే కుటుంబానివని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. లాటిన్ వేళ్ళు ఇంగ్లీషులో, సంస్కృతం వేళ్ళు తెలుగులో దండిగా ఉన్నాయి. రాజపాళయం పేరులోని 'రాజ', ఇంగ్లీషు 'రీగల్', 'రెజిసైడ్' ఒకే మూలానివి. 'మృత' తెలిస్తే 'మోర్టల్', 'మోరిబండ్' దగ్గరవుతాయి. 'అగ్ని'తో 'ఇగ్నైట్', 'ఇగ్నియస్'. 'యువ'తో 'జువెనైల్', 'రిజువెనేట్'. 'సదస్సు'లో కూర్చునే అర్థమే 'సెడెంటరీ'లోనూ ఉంది. అన్ని మాటలకూ ఇలా చుట్టరికం కలవదు, బలవంతంగా కలిపితే తప్పుదారి పడతాం. కలిసినచోట మాత్రం ఆ మాట మళ్ళీ చేజారదు.

వాక్యం అల్లిక మాత్రం వేరు సంగతి. తెలుగు, తమిళం వంటివి సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వేరే కుటుంబమని 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చూపించాడు. ఆ కుటుంబ లక్షణం ప్యాసేజీ చదివేటప్పుడు అడ్డం వస్తుంది. రాజపాళయం పక్క సత్రపట్టి బ్యాండేజీ గుడ్డకు పేరుపడ్డ ఊరు. "సత్రపట్టిలో నేసి, చలువచేసి, నిన్న మధురైకి పంపిన గుడ్డ తడిసింది" అన్నామనుకోండి. వివరమంతా ముందే అయిపోయి, గుడ్డా తడవడమూ పక్కపక్కన నిలిచాయి. ఇదే ఇంగ్లీషులో గుడ్డ మొదట వస్తుంది, వివరమంతా మధ్యలో దూరుతుంది, తడవడం ఎక్కడో చివర తేలుతుంది. ఆ దూరమంతా గుడ్డను మనసులో మోయాలి. తమిళం కూడా తెలుగు వరసే కనుక ఈ పిల్లలకు రెండు భాషల అలవాటూ ఒకే వైపు లాగుతుంది. ఇంకా ఒకటి: "నష్టం వచ్చినా" అన్నప్పుడు మనకు అర్థాన్ని తిప్పే మెలిక క్రియ చివర ఉంటుంది, ఇంగ్లీషులో 'ఆల్దో', 'డిస్పైట్' అని వాక్యం తలలోనే ఉంటుంది. అభ్యాసం చేసేటప్పుడు రోజుకు ఒక్క ప్యాసేజీ తీసుకుని ప్రతి పొడుగాటి వాక్యంలో కర్తనూ క్రియనూ పెన్సిలుతో గీయండి, మెలిక మాటకు సున్న చుట్టండి. వేగం గురించి మొదట ఆలోచించవద్దు.

ఇవన్నీ చేసినా కొన్ని ప్యాసేజీలు కొరుకుడు పడవు. కారణం చాలాసార్లు భాష కాదు. 1979లో మార్గరెట్ స్టెఫెన్‌సెన్, చిత్రా జోగ్‌దేవ్, రిచర్డ్ ఆండర్సన్ అమెరికాలో ఉంటున్న భారతీయుల చేత, అమెరికన్ల చేత రెండు ఉత్తరాలు చదివించారు. ఒకటి భారతీయ పెళ్ళి గురించి, ఒకటి అమెరికన్ పెళ్ళి గురించి. ఎవరి పెళ్ళి ఉత్తరం వాళ్ళు వేగంగా చదివారు, ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. అమెరికన్ పెళ్ళికూతురు నాయనమ్మ కాలంనాటి గౌను వేసుకుందని చదివితే, అది వారి ఆనవాయితీ అని తెలియని ఒక భారతీయ పాఠకుడికి పాతకాలపు, ఫ్యాషన్ పోయిన బట్టగా తోచింది. ప్రతి మాటా అర్థమైంది, సంగతి మాత్రం తప్పిపోయింది. 1988లో రెక్ట్, లెస్లీ 64 మంది బడిపిల్లలకు బేస్‌బాల్ ఆట వర్ణన చదివించినప్పుడు, చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగి ఆట తెలియని పిల్లలను దాటిపోయారు.

జీఆర్ఈ ప్యాసేజీలు జీవశాస్త్రం, ఖగోళం, చిత్రకళ, చరిత్ర, సమాజం, ఇలా ఎక్కడి నుంచైనా వస్తాయి. ఆ విషయాల పరిచయం ఇంగ్లీషులోనే కలగాలన్న నియమం లేదు. డార్విన్ గురించి తమిళంలో చదివిన అమ్మాయికి ఇంగ్లీషు ప్యాసేజీలో సగం దారి ముందే తెలిసినట్టు. ఇలాంటి చదువుకు ఊళ్ళోనే ఏర్పాటు చేసుకోవచ్చు. రాజపాళయం వాసి పి. ఎస్. కుమారస్వామి రాజా 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నవారు. సొంత ఇంటిని ఊరికి గాంధీ కలై మన్రంగా ఇచ్చేశారు. పట్టణంలో రాజుల కాలేజీ 1973లో, రామ్‌కో ఇంజనీరింగ్ కాలేజీ 2013లో వచ్చాయి. ఊరికి ఇల్లూ వాకిలీ ఇచ్చిన సంప్రదాయం ఉన్న చోట, కాలేజీ లైబ్రరీలు సాయంత్రం ఇంకో రెండు గంటలు తెరిచి ఉంచి, వారానికోసారి ఒక ప్యాసేజీని పదిమంది కూర్చుని వాదించుకునే ఏర్పాటు చేయడం కష్టం కాదు. కోచింగ్ సెంటర్లకు మధురై దాకా బస్సెక్కలేని ఆడపిల్లలకు అది ఎంతో మేలు.

జీఆర్ఈ ఫీజు తక్కువేమీ కాదు కాబట్టి తొందరపడి తేదీ తీసుకోకండి. పరీక్ష నడిపే ఈటీఎస్ సంస్థ పవర్‌ప్రెప్ పేరుతో రెండు పూర్తి నమూనా పరీక్షలు ఉచితంగా ఇస్తుంది. మొదటిదాన్ని ఏమీ చదవకముందే రాసి, తప్పిన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాసుకోండి: మాట తెలియలేదా, మెలిక తప్పిందా, సంగతే కొత్తదా. ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో దానితోనే చదువు మొదలుపెట్టండి. రెండో నమూనాను పరీక్షకు రెండు వారాల ముందు దాకా ముట్టుకోకండి.