ఎలా రాసినా లక్ష్మే

లక్ష్మి పేరును ఇంగ్లిషులో కె, ఎస్, హెచ్ వరసగా పెట్టి రాసేవారున్నారు, ఒక్క ఎక్స్‌తో సరిపెట్టేవారూ ఉన్నారు. ఆధార్‌లో ఒకలా, పాన్ కార్డులో ఇంకోలా ఉంటే ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో వేరే చెప్పక్కర్లేదు. ఆ రెండూ ఒకే పేరని పసిగట్టే ఉపాయం మాత్రం కంప్యూటర్ల కంటే పాతది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు చెందిన రాబర్ట్ రస్సెల్ 1918లోనే దానికి పేటెంట్ పొందాడు. ఆ మూలం నుంచి వచ్చిన పద్ధతే సౌండెక్స్.

ఇది ఎలా పనిచేస్తుందంటే: పేరులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచాలి. ఆ తర్వాత వచ్చే అచ్చులను, హెచ్, డబ్ల్యూ, వైలను వదిలేయాలి. బి, ఎఫ్, పి, విలకు 1; కె, ఎస్, ఎక్స్ లాంటివాటికి 2; డి, టిలకు 3; ఎల్‌కు 4; ఎం, ఎన్‌లకు 5; ఆర్‌కు 6. ఒకే అంకె వెంటవెంటనే వస్తే ఒక్కసారే రాయాలి. మూడంకెలు నిండకపోతే సున్నాలు చేర్చాలి. అలా చూస్తే లక్ష్మి రెండు రకాలుగానూ ఎల్-250 అవుతుంది. చౌదరిని ఎ-యుతో రాసినా, ఓ-డబ్ల్యూతో రాసినా సి-360. నోట్లో పుట్టే చోటును బట్టి హల్లులను జట్లు కట్టడం మనకు కొత్తేమీ కాదు. బడిలో పిల్లలు అప్పజెప్పే క వర్గం, చ వర్గం అదే కదా!

సౌండెక్స్ చేసిన గొప్ప పని ముసలివాళ్లకు పింఛన్లు అందేలా చూడటం. అమెరికాలో 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. వయసు రుజువు చేసుకోవాలి, చాలామందికి జనన ధ్రువపత్రాల్లేవు. దాంతో 1880 జనాభా లెక్కల పుస్తకాలు బయటికి తీశారు. పదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలున్న ఇళ్ల వివరాలన్నీ కార్డుల మీదికి ఎక్కించి, సౌండెక్స్ వరసలో పేర్చారు. ఎన్యూమరేటర్ ఇంటిపేరును తన చెవికి వినిపించినట్టు రాసుకుపోయినా కార్డు దొరికేది. ఇదంతా చేత్తో జరిగిన పని. ఒక అక్షరం, మూడంకెలు ఇంతమంది బతుకుల్ని ఆదుకున్నాయంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

లోపాలు లేవా? ఉన్నాయి. సీత, సత్య, స్వాతి, సుధ నలుగురూ ఎస్-300 కిందికే వస్తారు. మొదటి అక్షరం మారితే అసలుకే మోసం: సితో రాసిన కేథరిన్, కెతో రాసిన కేథరిన్ ఎన్నటికీ కలవరు. తూర్పు యూరప్ యూదుల ఇంటిపేర్లకు కూడా ఇది చాలక, 1985లో గ్యారీ మోకోటాఫ్, ర్యాండీ డైచ్ ఆరంకెల పద్ధతిని తయారుచేశారు. అందులో మొదటి అక్షరం కూడా అంకెగానే మారుతుంది.

చెవిని నమ్ముకోని దారి ఇంకొకటి ఉంది. ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలో, తీసెయ్యాలో, మార్చాలో లెక్కపెట్టడం. సోవియట్ గణితవేత్త వ్లాదిమిర్ లెవెన్‌స్టైన్ 1965లో ఈ దూరాన్ని నిర్వచించాడు. అంతకు ముందు ఏడాదే ఫ్రెడరిక్ డామెరా, స్పెల్లింగ్ తప్పుల్లో 80 శాతానికి పైగా ఒక్క అక్షరం దగ్గరో, పక్కపక్క అక్షరాలు రెండు తారుమారవడం వల్లో జరిగేవేనని చూపించాడు.

తెలుగులో ఈ లెక్క ఒక్కటే పెట్టుకుంటే కుదరదు. కలం, కాలం మధ్య దూరం ఒకటి. పుస్తకం, పుస్థకం మధ్య దూరమూ ఒకటే. మొదటి జంటలో అర్థమే వేరు, రెండోది ఒత్తు దగ్గర జరిగిన పొరపాటు. సౌండెక్స్‌లా అచ్చుల్ని వదిలేద్దామంటే పాలు, పూలు, పులి, పిల్లి ఒకే గాటికి చేరతాయి. శ, ష, సల తేడానో, ఒత్తక్షరాల తేడానో చూసీచూడనట్టు పోవచ్చు గానీ, దీర్ఘాన్ని అలా వదలకూడదు. తెలుగు సెర్చ్ తయారుచేసేవాళ్లు మొదట పట్టించుకోవాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం.

మనకు కలిసొచ్చేది కూడా ఒకటుంది. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే యూనికోడ్, మన లిపుల కోసం అంతకుముందే ఉన్న ఇస్కీ ప్రమాణాన్ని అనుసరించి భారతీయ లిపుల అక్షరాలను ఒకే వరసలో అమర్చింది. కన్నడ ‘క’ నంబరులోంచి 128 తీసేస్తే తెలుగు ‘క’ వస్తుంది. మిగతా అక్షరాలూ దాదాపు అంతే. కాబట్టి కన్నడంలో రాసిన పేరును తెలుగు పేరుతో పోల్చడం, ఇంగ్లిషు స్పెల్లింగుతో పోల్చడం కంటే చాలా తేలిక.

కంటికి కనిపించని తేడాలు మరీ విచిత్రం. ‘శ్రీ’ మనకు ఒకే అక్షరం, కంప్యూటరుకు నాలుగు గుర్తులు. ‘సాఫ్ట్‌వేర్’లో ట, వ కలిసిపోకుండా మధ్యలో కనిపించని గుర్తొకటి పెడతాం. వెతికేటప్పుడు అది లేకుండా టైపు చేస్తే, ఆ గుర్తును పట్టించుకోవద్దని ముందే చెప్పని ప్రోగ్రాముకు అది వేరే మాట. ‘కై’లోని ఐత్వాన్ని ఒకే గుర్తుగా గానీ, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగా గానీ నిల్వ చేయవచ్చు. తెరమీద రెండూ ఒకటే. అందుకే పోలిక మొదలుపెట్టక ముందే రెండిటినీ ఒక రూపానికి తెచ్చుకోవాలి. యూనికోడ్ అందుకు నియమాలు కూడా ఇచ్చింది.