పాత యంత్రమునకు పాత విండోసే తగునా?

మంగంపేట ముగ్గురాయి గనుల చుట్టునున్న మిల్లులలోను, రైల్వేకోడూరు జిరాక్స్ దుకాణములలోను, చదువుకొను పిల్లల యిండ్లలోను, నగరపు కంపెనీలు వాడి విడువగా బాగుచేసి అమ్మిన కంప్యూటర్లు నేడు చేరుచున్నవి. కొలది ధనముతో పని గడుచుచున్నందున నది హర్షింపదగినదే. కాని వానివెంట నొక అపోహయు వ్యాపించినది: "పాత మిషన్‌కు పాత విండోసే సరిపోతాది, సెవెన్ ఎక్కించుకోప్పా, గాలి మాదిరి పోతాది" అని. ఈ మాట నమ్మిన పిల్లలు, ఉద్యోగపు దరఖాస్తు గడువు ముగియు దినమున వెబ్‌సైటు తెఱచుకొనక నెట్ సెంటరునకు పరుగెత్తుట పలుమాఱులు చూచితిని గనుక, దీనిని ఉపేక్షింపజాలను.

"పాత" యను పదమే యిచ్చట మోసము చేయుచున్నది. ఇంటెల్ ఆఱవ తరపు ప్రాసెసరు గల పెట్టెను చూడుడు. ఆ తరము 2015లో, విండోస్ 10 వెలువడిన యేటనే వచ్చినది. విండోస్ 7 యన్ననో 2009 నాటిది. యంత్రముకంటె ఆఱేండ్లు ముందు పుట్టిన ఆపరేటింగ్ సిస్టమును దానిపై రుద్దుచున్నారన్నమాట! విండోస్ 7 ఇన్‌స్టాలేషను డిస్కులో యూఎస్‌బీ 3.0 డ్రైవరు లేనందున ఇన్‌స్టాలేషను నడుమ కీబోర్డు, మౌసు కదలక మెదలక పడియుండును. ఎన్‌వీఎంఈ డిస్కు దానికి కానరాదు. అంతట మిషన్ చెడినదని మంచి పెట్టెను తిరిగి యిచ్చివేయుదురు. మందగమనమునకు అసలు హేతువులు తిరుగుడు హార్డ్‌డిస్కు, చాలని ర్యామ్, మిల్లుల ధూళి. నీటికంటె నాలుగురెట్లకు మించి బరువైన ముగ్గురాయి పొడి ఫ్యానులో పేరుకొన్నచో, ప్రాసెసరు వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. దానికి బ్రష్షు, బ్లోయరు కావలెను గాని సెవెన్ కాదు.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో సాధారణ మద్దతు నిలిపినది. క్రోమ్ బ్రౌజరు 2023లో దానిని విడిచినది. "మాయింట దొంగిలించుటకేమున్నది?" అనువారు 2017 మే నెలను స్మరింపవలెను. రెండు నెలల ముందే వెలువడిన మరమ్మతు వేసికొనని యంత్రములను వానాక్రై అను దుష్ట సాఫ్ట్‌వేరు వెదకి పట్టి, ఫైళ్ళకు తాళము వేసి, సొమ్మడిగినది. వానిలో అత్యధికము విండోస్ 7వే. మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లను సైతము అది విడువలేదు; ధనికుడా, పేదయా యని విచారింపలేదు.

యాంటీవైరస్ ఉన్న చాలుననుట తప్పు. గోడలోని పగులును అది పూడ్చలేదు. పెన్‌డ్రైవులో వచ్చు "యాక్టివేట్ చేసిన" విండోస్ ప్రతి క్షేమమనుట ప్రమాదకరము. విండోసునకు బదులుగా వాడదగిన లినక్సులో తెలుగు రాదనుట అబద్ధము; "స్వేచ్ఛ" అను సంస్థవారు తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమును నిర్మించి చూపిరి.

ఒక్కచో మాత్రము పాతదాని పక్షమున తలయూపక తప్పదు. లారీలు తూచు కాటా గదిలో, ఏనాడో వ్రాసిన సాఫ్ట్‌వేరు సెవెన్‌పైననే నడచుచు, సీరియల్ పోర్టు ద్వారా తూకము గైకొనుచున్నచో దానిని కదల్పవలదు. ఇంటర్నెట్టు తీగ మాత్రము పెఱికివేయుడు, పరుల పెన్‌డ్రైవు తగులనీయకుడు, లెక్కలను దినదినము వేఱొకచోట భద్రపఱచుడు.

తక్కినవారికి నా మనవి యిది. డబ్బు చెల్లించుటకు ముందే ప్రాసెసరు తరము అడుగుడు: విండోస్ 11 సాధారణముగా నంగీకరించునది ఇంటెల్ ఎనిమిదవ తరము మొదలుకొనియే, టీపీఎం 2.0 అను భద్రతా ఏర్పాటు కూడ నుండవలెను. విండోస్ 10కు సైతము 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసినందున, అంతకు ముందు తరపు యంత్రము ఇదివఱకే కొనియున్నచో లినక్స్ మింట్ వంటిది ఎక్కించుకొనుడు. ఎనిమిది జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ వేయించి, మాసమునకొకమాఱు ధూళి దులిపించినచో, ఆ యంత్రమే మీ పిల్లవాని దరఖాస్తును గడువులోపల ఇంటినుండియే పంపగలదు.