మన ఇంటి పంచాంగం

జీతం పెరిగినా నెలాఖరు కష్టాలు తీరడం లేదా? సంపాదన చాలకపోవడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. డబ్బు ఏ దారిన పోతోందో తెలియకపోవడం కూడా కావచ్చు. అది తెలుసుకోవడానికి ఆర్థికశాస్త్రం చదవక్కర్లేదు. ఓ డైరీ, ఓ పెన్ను, నాలుగైదు చిన్న అలవాట్లు చాలు.

ఉగాది పచ్చడి తిన్నాక అందరి చూపూ పంచాంగం మీదే. 'మన రాశికి ఆదాయమెంత? వ్యయమెంత?' ఆదాయం 5, వ్యయం 11 అని ఉంటే మొహం వాడిపోతుంది. ఆదాయం 14, వ్యయం 2 అని ఉంటే ఆ పూట బొబ్బట్టు ఇంకాస్త తియ్యగా ఉంటుంది. విచిత్రమేంటంటే... రాశి లెక్కలు నోటికి చెప్పేసే మనిషిని 'పోయిన నెల మీ ఇంటి ఖర్చెంత?' అని అడిగితే మాత్రం నీళ్లు నములుతాడు.

అలాంటి ఓ ఇంటిని ఊహించుకోండి. హైదరాబాద్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. ఆయన ప్రైవేటు కంపెనీలో ఉద్యోగి. ఆమె స్కూల్లో టీచరు. ఇద్దరి జీతాలూ కలిపి 58 వేలు. ఇద్దరు పిల్లలు. తాగుడు, పేకాట లాంటి వ్యసనాలేమీ లేవు. 22వ తారీఖు రాత్రి పదకొండింటికి ఒంగోలు నుంచి ఫోను. నాన్న బాత్రూములో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయాలి, ముందు 30 వేలు కట్టమంటున్నారు. బ్యాంకు ఖాతా చూసుకుంటే... 2,140 రూపాయలు! ఇద్దరు స్నేహితుల్ని చేబదులు అడిగాడు. నెలాఖరు కదా, వాళ్లదీ అదే పరిస్థితి. చివరికి క్రెడిట్ కార్డే దిక్కయింది. ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు తండ్రి అడిగిన మొదటి మాట... 'ఏరా, నా మూలంగా అప్పు చేశావా?'

ఊరు వేరు కావచ్చు, అంకెలు వేరు కావచ్చు. ఇలాంటి రాత్రి చాలా ఇళ్లకు తెలిసిందే. కష్టం చెప్పి రాదు. అది వచ్చినప్పుడు మన చేతిలో ఏముంటుందన్నది మాత్రం అంతకు ముందు నెలల్లోని మామూలు రోజులే నిర్ణయిస్తాయి. ఆ మామూలు రోజుల్ని చక్కబెట్టుకునే అలవాట్లే ఇవి.

రాత్రికి రెండు నిమిషాలు

మొదటి అలవాటు... రాయడం. పాత తరానికి ఇది కొత్తేం కాదు. కొత్త సంవత్సరం రాగానే ఎల్ఐసీ డైరీ ఒకటి సంపాదించి, పడుకోబోయే ముందు 'కూరలు 4-50, బస్సు 1-25' అని రాసుకున్న నాన్నలు, తాతయ్యలు ఎంతమందో! జపాన్‌లో అయితే దీనికి ఓ పేరే ఉంది... కకేబో. అంటే ఇంటి పద్దుల పుస్తకం. హని మొతొకో అనే మహిళా పాత్రికేయురాలు 1904లో దీన్ని గృహిణులకు పరిచయం చేశారు. అందులో ప్రశ్నలు నాలుగే. చేతికి ఎంత వస్తోంది? ఎంత దాచాలనుకుంటున్నాం? ఎంత ఖర్చు చేస్తున్నాం? వచ్చే నెల ఇంకా మెరుగ్గా ఏం చేయొచ్చు?

ఇప్పుడు రాయాల్సిన అవసరం మరింత పెరిగింది. ఎందుకంటే డబ్బు కంటికి కనపడటం మానేసింది. 2016లో యూపీఐ వచ్చాక కొత్తిమీర కట్ట నుంచి ఫ్రిజ్ దాకా అన్నిటికీ ఒకటే పద్ధతి... ఫోను చూపించడం, నాలుగంకెలు నొక్కడం. జేబులోంచి అయిదొందల నోటు తీసి ఇచ్చి, మిగిలిన చిల్లర లెక్కపెట్టుకున్నప్పుడు కలిగే చిన్న బాధ ఇందులో ఉండదు. ఆ బాధ ఎంత పనిచేస్తుందో అమెరికాలో డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకు విద్యార్థుల మధ్య వేలం పెట్టారు. కొందరు నగదు కట్టాలన్నారు, కొందరు కార్డుతో కట్టాలన్నారు. కార్డు వాళ్లు పాడిన ధర నగదు వాళ్ల ధరకు దాదాపు రెట్టింపు!

మన హైదరాబాద్ దంపతులు కూడా ఓ నెలంతా రాశారనుకుందాం. అద్దె, కిరాణా, పాలు, బండి వాయిదా... ఇవన్నీ అనుకున్నంతే. అనుకోనివే బయటపడ్డాయి. వంద రూపాయల లోపు ఫోను చెల్లింపులు 124. వాటి మొత్తం 7,900. ఇంట్లో ఎవరూ చూడని సినిమా యాప్‌ల చందా 450. 'ఇవాళ వండే ఓపిక లేదు' అని తెప్పించుకున్న బిర్యానీలు 3,600. అన్నీ కలిపితే దాదాపు 12 వేలు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ ఎవర్నీ తప్పు పట్టలేదు. పట్టడానికి పెద్ద తప్పంటూ ఏదీ లేదు మరి!

అలాగని టీ మానేయాలా, బిర్యానీ మానేయాలా? అక్కర్లేదు. అన్నీ మానేద్దామనుకున్న ఇల్లు మూడో వారానికే విసిగిపోయి, డైరీని అటక ఎక్కిస్తుంది. ఏది ఇష్టంతో చేసిన ఖర్చో, ఏది అలవాటుగా జారిపోయిన ఖర్చో గుర్తుపడితే చాలు. ఇష్టమైనది ఉంచుకోవచ్చు. రెండోదాంట్లో సగం తగ్గినా ఈ ఇంటికి నెలకు ఆరు వేలు మిగులుతాయి.

ముందు దాచి... తర్వాత ఖర్చు

'ఖర్చులు పోను మిగిలితే దాచుకుందాం' అనుకుంటే ఎప్పటికీ మిగలదు. దాచగా మిగిలిందే ఖర్చు పెట్టాలి. ఇది రెండో అలవాటు.

దీనికి పెద్ద జీతాలు కావాలేమో అనిపిస్తే నెల్లూరు జిల్లాను గుర్తు చేసుకోవాలి. 1992లో దూబగుంట మహిళలు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే జిల్లా మహిళలు బృందాలుగా చేరి పొదుపు మొదలుపెట్టారు. ఎంతో తెలుసా... రోజుకు ఒక్క రూపాయి. కూలికి వెళితే తప్ప పూట గడవని ఇళ్లవి. ఆ రూపాయిని ఖర్చులయ్యాక చూద్దాంలే అని వదిలేసి ఉంటే ఒక్కటీ మిగిలేది కాదు. ముందే పక్కన పెట్టారు కాబట్టే పొదుపు బృందాలు నిలబడ్డాయి, ఆ తర్వాత బ్యాంకులు అప్పులిచ్చాయి.

నెలజీతం వాళ్లకి ఈ పని ఇంకా సులువు. జీతం పడిన మర్నాడే కొంత మొత్తం దానంతటదే రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లిపోయేలా బ్యాంకుకు ఒకసారి చెబితే చాలు. ప్రతినెలా మనసుతో పోట్లాడక్కర్లేదు. పదిహేనేళ్ల పాటు కదపనక్కర్లేని సొమ్ముకు పీపీఎఫ్ ఉంది. దానిపై వడ్డీని 2020 ఏప్రిల్‌లో 7.1 శాతంగా నిర్ణయించారు. ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. రోజుకు వంద చొప్పున నెలకు మూడు వేలు పదిహేనేళ్లు వేస్తే కట్టేది 5 లక్షల 40 వేలు. అదే వడ్డీ చివరిదాకా ఉంటే చేతికొచ్చేది సుమారు 9 లక్షల 40 వేలు. చిన్న కిటుకు... ప్రతినెలా 5వ తారీఖులోపు జమచేస్తేనే ఆ నెల సొమ్ముకు ఆ నెల వడ్డీ వస్తుంది.

'ఇప్పుడు కుదరడం లేదు' అనేవాళ్లకూ ఓ దారుంది. రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్జీ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని ఓ కంపెనీ ఉద్యోగులతో ఒప్పందం చేయించారు. ఇప్పటి జీతంలోంచి ఏమీ తీయొద్దు, జీతం పెరిగిన ప్రతిసారీ పెరిగినదాంట్లో కొంత పొదుపుకు వెళ్లాలి. 40 నెలల్లో వాళ్ల పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. 2004లో వెలువడిన ఈ ఫలితం ఎంతో పేరు పొందింది. థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

వడ్డీని 'రూపాయల్లో' చూడండి

'రెండు రూపాయల వడ్డీ' అంటే పల్లెటూళ్లో చదువురాని అవ్వ కూడా లెక్కకట్టేస్తుంది. నూటికి నెలకు రెండు, ఏడాదికి ఇరవైనాలుగు. 'అయిదు రూపాయల వడ్డీ' అంటే గుండెలు బాదుకుంటుంది. అదే క్రెడిట్ కార్డు కాగితం మీద చిన్న అక్షరాల్లో '3.5 శాతం' అని ఉంటే చదువుకున్నవాళ్లు కూడా పట్టించుకోరు. అది నెలకు! అంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఏడాదికి 42 శాతం.

ఒంగోలు ఆసుపత్రిలో కట్టిన 30 వేల సంగతే చూడండి. బిల్లు వచ్చాక 'కనీస చెల్లింపు' కింద అయిదు శాతం, అంటే 1,500 కట్టి ఊరుకుంటే ఏమవుతుంది? నెల వడ్డీ 1,050. దానిమీద 18 శాతం జీఎస్టీ 189. రెండూ కలిపి 1,239. కట్టిన పదిహేను వందల్లో అసలుకు జమయ్యేది 261 రూపాయలే. పైగా పూర్తి బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువూ ఉండదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు.

అందుకే మూడో అలవాటు... ఏ అప్పుకైనా వడ్డీని రూపాయల్లోకి మార్చుకోవడం, అన్నిటికన్నా ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చడం. బ్యాంకులో బంగారం తాకట్టు పెడితే పడేది సాధారణంగా రూపాయి వడ్డీకి కాస్త అటూ ఇటూ. గాజులు బీరువాలో ఉంచుకుని మూడున్నర రూపాయల వడ్డీ కట్టడం కన్నా, వాటిని కొన్నాళ్లు బ్యాంకులో పెట్టి కార్డు బాకీ తీర్చేయడం నయం. ఓ తేలిక లెక్క గుర్తుంచుకోండి. 72ను ఏడాది వడ్డీ శాతంతో భాగిస్తే అప్పు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో తెలుస్తుంది. రెండు రూపాయల వడ్డీకి మూడేళ్లు. కార్డుకు రెండేళ్లు కూడా పట్టదు.

జూన్ నెల హఠాత్తుగా రాదు

స్కూలు ఫీజులు, ఆరోగ్య బీమా ప్రీమియం, బండి బీమా, సంక్రాంతి ప్రయాణం, దసరా బట్టలు... ఏటా ఇవన్నీ మన మీద విరుచుకుపడినట్టే ఉంటుంది. నిజానికి ఏ నెలలో వస్తాయో క్యాలెండరు కొన్న రోజే తెలుసు. వాటినన్నిటినీ ఒక కాగితం మీద రాసి, కూడి, పన్నెండుతో భాగించడమే నాలుగో అలవాటు. ఫీజులకు 48 వేలు, బీమాలకు 20 వేలు, పండగలకు ప్రయాణాలకు 28 వేలు అనుకుంటే మొత్తం 96 వేలు. నెలకు 8 వేలు. ఆ సొమ్మును వేరే ఖాతాలో వేస్తూ ఉంటే జూన్ కూడా మార్చిలాంటి నెలే.

ఆపద సొమ్ము దీనికి వేరు. అది తుంటి ఎముక విరిగిన రాత్రి కోసం, ఉద్యోగం పోయిన నెల కోసం. మొదట ఒక నెల ఖర్చుకు సరిపడా, తర్వాత మూడు నెలలకు, వీలైతే ఆరు నెలలకు. అడిగిన వెంటనే చేతికొచ్చేలా పొదుపు ఖాతాలోనో, ఫిక్సెడ్ డిపాజిట్‌లోనో ఉండాలి. షేర్లలోనో, చీటీలోనో ఉంటే అవసరానికి అందకపోవచ్చు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు ఊరికే అనలేదు.

ఆదివారం అరగంట

చివరి అలవాటు ఇంటిల్లిపాదిదీ. డబ్బు సంగతి చాలా ఇళ్లలో ఒక్కరి నెత్తినే ఉంటుంది. రెండోవారికి జీతమెంతో తెలియదు, అప్పులెన్నో తెలియదు. వారానికోసారి కాఫీ తాగుతూ అరగంట కూర్చుని డైరీ చూసుకుంటే సగం తగవులు పుట్టకముందే పోతాయి. పిల్లల్నీ కూర్చోబెట్టుకోవచ్చు. 'ఈ నెల సైకిలా, వచ్చే నెల టూరా?' అన్న ప్రశ్న వాళ్లకే వదిలేస్తే జవాబు పెద్దవాళ్లకన్నా బాగా చెబుతారు. వెయ్యి రూపాయలు దాటిన ఏ వస్తువైనా ఆ అరగంటలో అనుకున్నాకే కొనాలని నియమం పెట్టుకుంటే ఇంకా మంచిది. ఆదివారం వచ్చేసరికి వాటిలో చాలావాటి మీద మోజే తీరిపోతుంది.

ఆ హైదరాబాద్ ఇంట్లోనూ మళ్లీ ఉగాది వచ్చిందనుకుందాం. కార్డు బాకీ తీరింది. ఆపద సొమ్ము కింద 40 వేలు చేరాయి. ఒంగోలు నుంచి తండ్రి వచ్చాడు, చేతికర్ర సాయంతో. కాలు నొప్పిగా ఉందంటే డాక్టరుకు చూపించారు. ఎక్స్‌రేలు, మందులు కలిపి నాలుగు వేలైంది. బిల్లు కట్టి వచ్చిన కొడుకు వైపు ఆయన అదోలా చూశాడు. 'అప్పు కాదులే నాన్నా' అని నవ్వాడు కొడుకు. పంచాంగంలో ఈసారీ ఆయన రాశికి వ్యయమే ఎక్కువ. ఆ మాట విని ఎవరూ మొహం చిన్నబుచ్చుకోలేదు. ఆ ఇంటి అసలు లెక్క బల్ల మీద డైరీలో ఉంది!

ఇవీ చూసుకోండి

* క్రెడిట్ స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. మీ పూర్తి నివేదికను ఏడాదికోసారి ఉచితంగా తీసుకోవచ్చు. మీరు తీసుకోని అప్పు మీ పేరున ఉంటే అందులో బయటపడుతుంది.

* బ్యాంకు డిపాజిట్లకు బీమా పరిమితి ఒక బ్యాంకులో ఒకరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షలు. 2020 ఫిబ్రవరిలో లక్ష నుంచి ఈ మొత్తానికి పెంచారు.

* చీటీ వేసేముందు అది 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైందో లేదో అడగండి. తెలిసినవాళ్లే కదా అని మొహమాటపడొద్దు.

* ప్రతి ఖాతాకూ, పాలసీకీ నామినీ పేరు ఉందేమో చూడండి. వాటి వివరాలన్నీ డైరీ చివరి పేజీలో రాసి, ఆ సంగతి ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.