మీకు తెలుసా? పొయ్యిలో దొరికిన నాలుగు గింజలు

అమెరికాలోని ఉటా ఎడారిలో ఒక పాత పొయ్యిని తవ్వితే బాతు ఎముకలతో పాటు మాడిన పొగాకు గింజలు బయటపడ్డాయి. లెక్కకు నాలుగే, కానీ వయసు సుమారు 12,300 ఏళ్లు! 2021లో ఈ సంగతి వెల్లడైంది. మనిషికీ పొగాకుకూ ఉన్న పరిచయానికి ఇంతవరకు దొరికిన అతి పాత ఆనవాలు ఇదే. అప్పటి వేటగాళ్లు ఆకును నమిలి ఉంటారని పరిశోధకుల ఊహ.

అది అడవి రకం. ఇప్పుడు ఎక్కువగా సాగయ్యే పొగాకు దక్షిణ అమెరికాలోని ఆండీస్ ప్రాంతంలో రెండు అడవి జాతుల కలయికతో పుట్టిన సంకరం. వంకాయ, టమాటా, మిరపలకు ఇది చుట్టమే. పురుగులను తరిమేందుకు మొక్క తయారుచేసుకున్న విషమే నికోటిన్.

అమెరికా ఖండాల మూలవాసులకు పొగాకు కాలక్షేపం మాత్రమే కాదు. మంత్రవైద్యులు పొగ వదిలి దేవతలను పిలిచేవారు. కొన్ని తెగల్లో సంధి కుదిరితే ఒకే గొట్టాన్ని అందరూ పీల్చేవారు. కొందరు నస్యంగా పీల్చారు, కొందరు పంటినొప్పికి పెట్టుకున్నారు. సుమారు 1,300 ఏళ్ల నాటి ఒక మాయా నాగరికత కుండ మీద ‘ఇది పొగాకు ఇల్లు’ అనే అర్థంలో రాసి ఉంది. లోపల పరీక్షిస్తే నిజంగానే నికోటిన్ దొరికింది. డబ్బాకు పేరు రాసిపెట్టుకోవడం మన వంటింటి అలవాటే అనుకున్నాం!

1492లో కొలంబస్ మనుషులు క్యూబాలో చుట్ట కాల్చేవారిని చూసి తెల్లబోయారు. ఆ తర్వాత పోర్చుగీసు ఓడలెక్కి ఆ ఆకు మన తీరానికీ వచ్చింది. తెలుగువారు చూసింది చూసినట్టే పేరు పెట్టారు: పొగ, ఆకు.