చౌక దుకాణం – మన ఇంటి పద్దు

వాల్‌మార్ట్, కేమార్ట్, టార్గెట్ సంస్థల తొలి చౌక దుకాణాలు అమెరికాలో ఒకే ఏడాది, 1962లో వెలిశాయి. తక్కువ లాభం, ఎక్కువ అమ్మకం వాటి సూత్రం. అదే బాటలో 2002లో ముంబైలోని పవాయిలో మొదలైన డీమార్ట్ నేడు తెలుగు పట్టణాలకూ విస్తరించింది.

వీటి రూపకల్పన వెనుక ఎంతో ఆలోచన ఉంది. చేతిబుట్ట బరువెక్కితే కొనుగోలు ఆగిపోతుందని గ్రహించిన సిల్వన్ గోల్డ్‌మన్ 1937లో ఓక్లహోమా నగరంలో తోపుడుబండిని ప్రవేశపెట్టాడు. 1988లో వాల్‌మార్ట్ సాధారణ వస్తువులనూ ఆహార సరుకులనూ ఒకే కప్పు కిందకు తెచ్చి సూపర్‌సెంటర్‌ను ప్రారంభించింది. నిత్యావసరాలు లోపలి మూలన, చాక్లెట్లు బిల్లు కౌంటరు వద్ద ఉంచడం యాదృచ్ఛికం కాదు.

ఈపురుపాలెం వంటి నేత గ్రామంలో చీర మగ్గం దిగితేనే కూలి చేతికందుతుంది. అటువంటి ఇంటికి బియ్యంపై మిగిలే పది రూపాయలూ విలువైనవే. చౌకగా కొనడంలో దోషం లేదు. అయితే అవసరం లేని వస్తువును సగం ధరకు కొన్నా అది ఇస్రాఫే. పైగా, కూలి అందని వారం పద్దు రాసుకుని పప్పుప్పులిచ్చేది వీధి కొట్టు యజమానే. రొక్కం పట్టణానికి, అరువు పొరుగువారికి అనడం న్యాయమా? తీర్చగలిగీ బాకీని వాయిదా వేయడం జులుమని ఇస్లాం బోధిస్తోంది.

కనుక ముందు కొట్టు బాకీ తీర్చుదాం. ఆపై జాబితా రాసుకొని బజారుకు వెళ్దాం. మిగిలిన దానిలో కొంత సదఖాగా ఇద్దాం. పొదుపు శుభప్రదమయ్యేది అప్పుడే.