చీలమండ కీలుకు గొట్టపు శస్త్రచికిత్స

గుంట మగ్గం ముందు కూర్చున్న నేతగానికి చేతుల కెంత పనో కాళ్ళకూ అంతే పని. బెంగుళూరు కబ్బన్‌పేటలో మరమగ్గాలకు మారిన మనవారు రోజంతా నిలబడియే వుండాలి. బీము మోసుకొని మెట్లు దిగుతూ కాలు మడతపడితే నూనె రాచి, కట్టు కట్టి, వారం తిరక్కుండా పనిలో దిగడం మన అలవాటు. చాలా బెణుకులు అలాగే మానుతాయి కూడా. కాని నెలలు గడిచినా కీలు లోపల నొప్పి, వాపు, పట్టివేత పోకపోతే అది వట్టి బెణుకు కాకపోవచ్చును.

కీలులో ఎముకల కొసలపై నున్నని మృదులాస్థి పొర వుంటుంది. బెణికినప్పుడు అది కింది ఎముకతో సహా చిట్లవచ్చు. దానికి రక్తనాళాలు లేవు కాబట్టి తనంత తాను సరిగా మానదు. ఎక్స్‌రేలో కనపడని చిట్లు ఎం.ఆర్.ఐ.లో తేలవచ్చును.

చీలమండ ముందు రెండు చిన్న గాట్లు పెట్టి, ఒకదాని గుండా సన్నని కెమెరా గొట్టం, రెండవదాని గుండా పనిముట్టు పంపుతారు. వదులైన ముక్కలు తీసివేసి, కింది ఎముకకు చిన్న రంధ్రాలు పొడుస్తారు. మూలుగ నుండి వూరిన నెత్తురు గడ్డకట్టి, క్రమంగా కొత్త పొర ఏర్పడుతుంది. చినిగిన బట్టకు మాసిక వేసినట్లే; పాత నేత తిరిగి రాదు. ఈ కీలు మరీ ఇరుకు, గొట్టం పనికిరాదని 1931లో న్యూయార్కు వైద్యుడు బర్మన్ తేల్చాడు. 1972 నాటికి జపాను వైద్యుడు వతనబె దారి చూపాడు.

ఇక ఫలితాల సంగతి. దెబ్బ చిన్నదైతే పదిమందిలో సుమారు ఎనిమిది మందికి మంచి గుణం కనిపిస్తున్నది. పెద్దదైతే లెక్క తారుమారు. 2009లో ప్రకటించిన కొరియా పరిశీలనలో, 150 చదరపు మిల్లీమీటర్ల లోపు దెబ్బల్లో పదింట ఒకటి విఫలమైతే, అది దాటినవాటిలో పదింట ఎనిమిది విఫలమయ్యాయి. 2017 నాటి సమీక్ష ఆ హద్దును ఇంకా తగ్గించి 107 అన్నది. కీలంతా అరిగిపోయినవారికి దీనివల్ల ఒరిగేది తక్కువ.

గాటు చిన్నదని విశ్రాంతి చిన్నది కాదు. చాలామందిని కొన్ని వారాలు కాలిపై బరువు మోపనివ్వరు. గట్టిపనికి నెలలు పడుతుంది. సావుకారు వద్ద బయానా తీసుకున్న ఇంటికి ఇది శస్త్రచికిత్స ఖర్చుకన్న బరువు. ముందుగా కట్టు, విశ్రాంతి, వ్యాయామం కొన్ని నెలలు చేసి చూడండి. తగ్గకపోతే ఎం.ఆర్.ఐ. చూపి, "దెబ్బ ఎన్ని మిల్లీమీటర్లు? మళ్ళీ చెక్క తొక్కేది ఎప్పుడు?" అని నిర్మొహమాటంగా అడగండి. ఎముకల వైద్యానికే ప్రత్యేకించిన ప్రభుత్వ సంజయ్ గాంధీ సంస్థ బెంగుళూరు జయనగరులోనే వున్నది.